మూడో టికెట్టు

బుధవారం సాయంత్రం పెద్దిరాజు డ్యూటీ దిగి వస్తూ వస్తూ జుట్టుకి రంగేయించుకొచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న మనిషిని రాణి కుట్టుమిషను మీంచి తలెత్తి ఒకసారి చూసి, చూడనట్టే మళ్ళీ ఫ్రాకు కుచ్చుల మీదికి వంగింది. పదమూడేళ్ళ కాపరంలో అతను రంగేసుకోవడం ఇది రెండోసారి. మొదటిసారి బొబ్బిలిలో తమ్ముడి పెళ్ళికి. ఈసారి ఎవరి పెళ్ళీ లేదు. తెల్లారితే బొబ్బిలి నుంచి అతని మేనమామ కూతురు చిన్మయి వస్తోంది, అంతే.

చిన్మయి అక్కడ సర్కారు బళ్ళో తెలుగు టీచరు. పిల్లల చేత నాటకాలు వేయిస్తుందని, జిల్లాలో పేరుందని పెద్దిరాజు పదిసార్లు చెప్పాడు. బళ్ళో టీచర్లందరూ కలకత్తా టూరు వస్తుంటే తనూ బయల్దేరింది. మిగతావాళ్ళు హౌరాలో లాడ్జీలో దిగుతారు. ఈవిడ మాత్రం వాట్‌గంజ్‌లో బావ ఇంట్లో దిగుతుంది. కాళీఘాటూ విక్టోరియా వాళ్ళతో చూసుకుంటుందట, తనకున్న కోరికల్లా ఒక్క మంచి బెంగాలీ నాటకం చూడాలని. ఆ మాట ఫోన్లో చెప్పి వారమైంది. ఆ వారం నుంచీ పెద్దిరాజు కాలు నేలమీద నిలవడం లేదు.

డాక్‌లో అతనిది ఓడల సరుకు దించే క్రేను కింద నిలబడి పైనున్న డ్రైవరుకి చేతులతో సైగలు చేసే పని. ఇంట్లో ఏ సంగతి చెప్పినా ఆ చేతులు ఊరుకోవు. టీ గ్లాసు కింద పెట్టి శనివారం ఏర్పాటంతా గాల్లో గీసి చూపించాడు. ఆరున్నరకి ఆట. అయిదింటికల్లా ఖిదిర్‌పూర్‌లో బస్సెక్కాలి. రవీంద్రసదన్ దగ్గర దిగి, టీ తాగి, హాలుకి వెళ్ళాలి. పిల్ల పూజితని రాణి వాళ్ళమ్మ దగ్గర దింపాలి. శనివారం తనకి రెండో షిఫ్టు పడితే తోటి పనివాడు బైరాగిని బతిమాలి మార్పించుకున్నాడు కూడా.

రాణి మిషను ఆపింది. రెండునెల్ల కిందట పూజిత బళ్ళో పాట పాడుతుంటే ఒక్క గంట రమ్మని ఆ పిల్ల ఏడ్చింది. డ్యూటీ మార్చడమంటే ఆటలనుకున్నారా అని అప్పుడు ఇద్దరి మీదా ఎగిరాడు ఈ మనిషే. ఆ మాట నోటిదాకా వచ్చింది. కుచ్చుల దారాన్ని కొసపట్టి లాగింది. ఎంత లాగాలో అంతకన్నా ఎక్కువ లాగింది, దారం పుటుక్కున తెగింది.

"నాటకం బంగ్లాలోనే కదా," అంది చివరికి. "ఆవిడకి అర్థమవుద్దా?"

"నానున్నాను కదే," అన్నాడు పెద్దిరాజు.

రాణికి నవ్వు రాలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్న మనిషికి చేపల బేరానికి, బస్సులో దెబ్బలాటకి సరిపడా బంగ్లా వచ్చు. తను పుట్టింది ఇక్కడ, చదివింది కార్పొరేషను బళ్ళో బంగ్లా మీడియం. తెలుగు చదవడమే రాదు గాని బంగ్లా తనకి ఊపిరి పీల్చినంత సులువు. ఆ సంగతి అతనికి ఈ వారంలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అసలు పదమూడేళ్ళలో తనని ఏ నాటకానికైనా తీసుకెళ్ళాడా? దుర్గాపూజల్లో పందిళ్ళు చూపించడానికి కూడా, జనమెక్కువని, ఖిదిర్‌పూర్ దాటించలేదు. అనుకుంటే ఒళ్ళు మండిపోయింది రాణికి.

గురువారం పొద్దున్న స్టేషను నుంచి ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. ఆ నవ్వు సందు మొదట్లోంచే వినపడింది. రాణి ఒక అందగత్తె కోసం మనసు గట్టి చేసుకుని నుంచుంది. తీరా చూస్తే ఈవిడ చామనఛాయకి ఒక మెట్టు కిందే, సన్నగా, పెద్ద కళ్ళద్దాలతో, చీర కిందినించి బూట్లు కనపడుతూ ఉంది. అందగత్తె అయినా బాగుండును. అందం చూసి మురిశాడులే అనుకుంటే ఒక సమాధానం ఉండేది. ఈ మనిషిలో అతను దేన్ని చూసి ఇంత వెలిగిపోతున్నాడో తెలీక రాణికి ఇంకా మంటెత్తింది.

"అప్పా," అంటూ చిన్మయి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. అక్కని అప్ప అనడం వాళ్ళ వైపు అలవాటు. మొగుడి మరదలు పెళ్ళానికి చెల్లెలి వరసే అవుతుంది, అందులో తప్పేమీ లేదు. ఒకే మనిషిని కట్టుకోదగ్గ ఆడవాళ్ళిద్దరూ ఎప్పుడూ అక్కచెల్లెళ్ళే. ఆ లెక్క తెలుసు గనకే రాణికి ఆ పిలుపు ముల్లులా దిగింది.

ఇంకా సంచి కింద పెట్టలేదు, మొదలుపెట్టింది. "సూసేవా అప్పా, నాకోసవని జుట్టుకి రంగేసుకున్నాడు మీ ఆయన. నీకోసం ఎప్పుడైనా ఏసుకున్నాడా? ఇలాటోణ్ణి ఎలా బరిస్తున్నావు గాని, నాలుగురోజులు నాకిచ్చీ, ఎళ్ళినపుడు మళ్ళీ నీకిచ్చీసి ఎల్తాను."

పెద్దిరాజు సిగ్గుపడుతూ తల దువ్వుకున్నాడు. ఇద్దరూ రాణి మొహం వైపు చూశారు, ఏమంటుందా అని. బావా మరదళ్ళ సరసాలు ఎలా ఉంటాయో ఆమె వినడమే గాని ఎరగదు. వాళ్ళ నాన్నకి అక్కచెల్లెళ్ళు లేరు, అమ్మకి అన్నదమ్ముల్లేరు. తను పెరిగిన కార్పొరేషను క్వార్టర్ల వరసలో ఆమెకి బావ అని పిలవడానికి ఒక్క మనిషి లేడు. ఇంట్లోకొచ్చిన ఆడమనిషి మొహం మీదే నీ మొగుణ్ణిచ్చెయ్యమంటే, అది నిజమే అయ్యుంటుందనే ఆమెకి తోచింది. లోపలికి వెళ్ళి టీ పెట్టింది. పంచదార వెయ్యలేదు.

ఆ రెండు రోజులూ ఇల్లు రాణిది కాకుండా పోయింది. చిన్మయి పగలంతా తోటి టీచర్లతో తిరిగి సాయంత్రానికి వచ్చేది. వచ్చాక బావా మరదళ్ళు బొబ్బిలి కబుర్లలో పడేవాళ్ళు. ఎవరో గవరయ్య మాస్టారు సైకిలు చెరువులో తోసేశారట. ఎవరో ముసలమ్మ పెరట్లో జామకాయలు దొంగిలించారట. పేరు తరవాత పేరు, నవ్వు తరవాత నవ్వు. రాణి అర్థమయినవాటికి నవ్వలేదు, అర్థంకానివాటిని అడగలేదు. మిషను తొక్కింది. శనివారం మధ్యాహ్నానికి మెటియాబ్రుజ్‌లో అయిదు డజన్ల పిల్లల ఫ్రాకులు అప్పజెప్పాలి. ఒక్కో ఫ్రాకుకి మూడంచెల కుచ్చులు. పొడుగ్గా కుట్టి, దారం లాగి, మడతలన్నీ సమానంగా సర్ది, పైన మళ్ళీ కుట్టెయ్యాలి. మనసు ఒకచోట, చెయ్యి ఒకచోట ఉంటే మడతలు ఒకవైపుకి పోగవుతాయి. ఆ రెండు రోజుల్లోనూ ఎన్ని పోగయ్యాయో, ఎన్ని విప్పి కుట్టిందో రాణికే తెలుసు.

శుక్రవారం సాయంత్రం చిన్మయి చాప వేసుకుని మిషను పక్కనే కూచుని, కుట్టిన ఫ్రాకులకి వేలాడే దారాలు కత్తిరించడం మొదలుపెట్టింది. తన బళ్ళో నాటకానికి బట్టలన్నీ తనే కుడుతుందట, ఇలాటి కుచ్చులు తనకి ఎప్పుడూ కుదరవట. ఎలా లాగుతున్నావో చూపించమంది. ఆవిడ చూడడానికి వీల్లేనంత గబగబా లాగి చూపించింది రాణి. చిన్మయి మళ్ళీ అడగలేదు. తలొంచుకుని దారాలు కత్తిరించుకుంది. ఎంతో జాగ్రత్తగా, ఒక్క కుట్టు కూడా తెగకుండా కత్తిరించింది. అదీ నచ్చలేదు రాణికి. ఏదన్నా పాడు చేస్తే అనడానికైనా ఉండేది.

అప్పుడొచ్చాడు పెద్దిరాజు, చొక్కా జేబులోంచి టికెట్లు తీసుకుంటూ. డ్యూటీ నుంచి నేరుగా హాలుకి వెళ్ళి కౌంటరులో కొనుక్కొచ్చాడట. మూడూ చాప మీద పరిచాడు. జనం ఎక్కువగా ఉన్నారని, మూడు పక్కపక్కన దొరకలేదని చెప్పాడు. రెండేమో ఎఫ్ వరసలో కలిపి ఉన్నాయి, మూడోది వెనకాల కె వరసలో. ఆ రెండూ చిన్మయికీ తనకీ, మూడోది రాణికి అని పంచేశాడు.

చిన్మయి కత్తెర ఆపింది. "అదేటి బావా, అప్పా నానూ కూకుంటాం. నువ్వెనకాల కూకో."

"రాణికేటి, బంగ్లా బడిలో సదివినాది, ఎక్కడ కూకున్నా అర్థవవుద్ది," అన్నాడు పెద్దిరాజు. "నీకు పక్కన ఒక మనిషుండి సెప్పాల కదా. నాను సెప్తాను. ఏటే రాణీ?"

అతని మొహంలో దాపరికం గాని, తప్పు చేస్తున్నానన్న ఆలోచన గాని ఏ కోశానా లేవు. రాణికి అదే భరించరానిదిగా అనిపించింది. దాస్తే దెబ్బలాడొచ్చు.

"ఠిక్ ఆఛే," అంది రాణి. కోపం ఎక్కువైతే ఆమెకి సరే అనడానికి కూడా తెలుగు రాదు.

శనివారం పన్నెండింటికి రెండు మూటలతో ఆటో ఎక్కి మెటియాబ్రుజ్ వెళ్ళింది. పని ఇచ్చే పెద్ద దర్జీని అక్కడ ఓస్తాగర్ అంటారు. ఆ పెద్దాయన ప్రతి ఫ్రాకునీ వెలుతురుకెత్తి చూస్తాడు. ఇన్నేళ్ళలో రాణి కుట్టింది ఒక్కటీ వెనక్కి రాలేదు. ఈసారి నాలుగు పక్కన పెట్టాడు. నాలుగింటికీ కుచ్చులు గుంజుకుపోయి నడుం దగ్గర బట్ట బిగిసింది. ఒంట్లో బాలేదా అమ్మా అని అడిగాడు బంగ్లాలో. ఆ మెత్తని మాటకి రాణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడే ఒక ఖాళీ మిషను దగ్గర కూచుని నాలుగూ విప్పి కుట్టింది. ఇంటికి చేరేసరికి నాలుగున్నర. వాళ్ళిద్దరూ పూజితని అమ్మమ్మ దగ్గర దింపేసి, అప్పటికే తయారై కూచుని ఉన్నారు. పెద్దిరాజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తొందరగా కానియ్యమన్నాడు, బస్సు దొరకదన్నాడు. రాణి మొహం కడుక్కుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. అతను ఆ చీర వంక చూశాడో లేదో ఆమె చూడలేదు.

కె వరస నుంచి రంగస్థలం బాగానే కనపడింది. కాని రాణి చూసింది రంగస్థలాన్ని కాదు. అయిదు వరసల ముందు ఒక రంగేసిన తల, దాని పక్కన కళ్ళద్దాల కాడలున్న ఇంకో తల. రంగేసిన తల పక్కకి ఒరిగి ఏదో చెప్తుంది. కళ్ళద్దాల తల ఊగుతుంది. ఒక్కోసారి రెండూ ఒకటైనట్టు కనపడతాయి. పెళ్ళయిన కొత్తలోనైనా ఆ మనిషి తన చెవి దగ్గర అంతసేపు మాట్లాడిన గుర్తు లేదు. చుట్టూ జనం నవ్వారు, ఎందుకో రాణికి తెలీలేదు. ఎవరో పాడారు, ఏం పాడారో తెలీలేదు. తన భాషలో, తన కళ్ళెదుట జరుగుతున్న నాటకంలో ఒక్క ముక్క ఆమెకి ఎక్కలేదు. గంటసేపు ఆ రెండు తలల్నే చూసింది. అసూయ అంటే ఏమిటో ఆమెకి ఇదివరకూ తెలుసు గాని, దానికి ఇంత ఓపిక ఉంటుందని తెలీదు.

ఇంటర్వెల్‌లో దీపాలు వెలిగాయి. పెద్దిరాజు ఫిష్ ఫ్రై తెస్తానని బయటికి పోయాడు. చిన్మయి జనంలోంచి తోసుకుంటూ తిన్నగా కె వరసకి వచ్చింది.

"అప్పా, ఈ మనిషికి ఒక్క ముక్క రాదు. మొదటి సీను తగువంటాడు, రెండో సీనూ తగువంటాడు. వాళ్ళు నవ్వుతున్నారు కద బావా అంటే, నవ్వుతూ తగువాడుకుంటన్నారంటాడు. నువ్వొచ్చి నా పక్కన కూకో."

రాణి కదల్లేదు. ఆయన చెప్తాడు లెమ్మంది. తనెందుకు మధ్యలో అంది.

చిన్మయి పక్క కుర్చీలో కూలబడి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అద్దాలు లేని మొహం అలిసిపోయి ఉంది, అనుకున్నదానికన్నా చిన్నది.

"నా మీద కోపవా అప్పా?" అంది. "వచ్చిన కాణ్ణించి నీ మొగుణ్ణి పట్టుకుని ఇన్ని మాటలంటన్నాను, నువ్వొక్కటి తిరిగనవు. మా ఊళ్ళో అయితే ఈపాటికి నన్ను ఏకి పెట్టీసుందురు. నువ్వు మాటాడకపోతే, నాను అన్నమాటలన్నీ నిజవయిపోయినట్టు నాకే సిగ్గుగా ఉంటంది."

రాణి ఆ మొహంలోకి చూసింది. వెటకారం కోసం వెతికింది, దొరకలేదు.

"నాకు రాదు, చిన్మయీ," అంది. "మా ఇంట్లో ఎవరూ అలా ఆడేవారు కాదు. ఎలా తిరిగనాలో నాకు తెలీదు."

అది మూడు రోజుల్లో ఆమె చిన్మయితో అన్న మొదటి నిజమైన మాట.

పెద్దిరాజు ఫిష్ ఫ్రై పొట్లాలతో వచ్చేసరికి ఎఫ్ వరసలో ఇద్దరు ఆడవాళ్ళు కూచుని ఉన్నారు. చిన్మయి అతని చేతిలోంచి రెండు పొట్లాలు లాక్కుని వెనక్కి పొమ్మంది. అతను నవ్వాడు, ఇదేదో సరసమేననుకుని కాసేపు నుంచున్నాడు. దీపాలు ఆరిపోతుంటే తప్పక వెనక్కి నడిచాడు.

నాటకం సంగతి రాణికి సగంలోంచి అందుకోవలసి వచ్చింది, అయినా అందింది. ఒక గుమాస్తా భార్య. సందులో చదువు రానివాళ్ళందరికీ ఉత్తరాలు రాసిపెట్టేది ఆవిడే. కొడుకులకి రాసేవాళ్ళకి, మొగుళ్ళకి రాసేవాళ్ళకి, అందరికీ వాళ్ళ మాటలే రాస్తుంది. రాణి చిన్మయి చెవి దగ్గరికి వంగి చెప్పడం మొదలుపెట్టింది. మొదట్లో మాటలు తడుముకుంది. ఈ తెలుగు ఆమె బియ్యానికీ నీళ్ళకీ పిల్ల చదువుకీ వాడిన తెలుగు, ఇలాటివి చెప్పడానికి ఎప్పుడూ వాడలేదు. మెల్లిగా దారి దొరికింది. ఆవిడ అంటాది అని చెప్పడం మానేసి, నాను అని చెప్పడం మొదలుపెట్టింది. ఇరవయ్యేళ్ళబట్టి ఈ వీధి ఉత్తరాలన్నీ నానే రాసేను, నాకొక్కరు రాయలేదు అంది, రంగస్థలం మీది ఆవిడతోపాటే. ముందు వరసాయన వెనక్కి తిరిగి, దిదీ కొంచెం మెల్లిగా అని బంగ్లాలో మందలించాడు. రాణి గొంతు తగ్గించింది గాని ఆపలేదు. చిన్మయి అరచేతిలో ఫిష్ ఫ్రై చల్లారిపోయింది.

తరవాతి సీనులో గుమాస్తా ఇంటికొస్తాడు. చొక్కా విప్పి మేకుకి తగిలిస్తాడు. భార్య కంచం పెడుతుంది. అతను తింటుంటే ఆవిడ దీపం పక్కన నుంచుని అతని వీపు వైపు చూస్తూ ఉంటుంది.

"పదమూడేళ్ళయింది," అంది రాణి మెల్లిగా చిన్మయి చెవిలో. "ఒక్కసారి నన్ను నాటకానికి తీసుకెళ్ళలేదు. నాకు రంగు చీరలున్నాయో లేవో నీకు తెలీదు. ఎవరో వస్తే డ్యూటీ మార్చుకున్నావు. పిల్ల ఏడిస్తే మార్చుకోలేదు. నన్ను వెనకాల కూచోబెట్టావు. దాస్తే దెబ్బలాడుదును, నువ్వు దాచనుకూడా లేదు. నానున్నానని గుర్తుంటే కదా దాచడానికి."

హాలు నిశ్శబ్దంగా ఉంది. ఎక్కడో ఎవరో దగ్గారు.

"అప్పా," అంది చిన్మయి. "ఆవిడ ఇప్పుడేటీ మాటాడలేదు కదా."

రాణి రంగస్థలం వైపు చూసింది. నిజమే. గుమాస్తా ఇంకా తింటున్నాడు. భార్య నోరు విప్పలేదు. నుంచునే ఉంది. రాణికి నిలువునా సిగ్గు ముంచుకొచ్చింది. చెంగుతో మొహం కప్పుకుందామనుకుంది. లేచి వెళ్ళిపోదామనుకుంది. కుర్చీ చేతి మీదున్న ఆమె చేతిని చిన్మయి పట్టుకుంది. అయ్యో అనలేదు, ఊరుకో అనలేదు. చీకట్లో ఇద్దరూ ఏడ్చారు. ఒకరినొకరు చూసుకోకుండా, ముందు వరసాయనకి వినపడకుండా ఏడ్చారు. కాసేపటికి రంగస్థలం మీది మనుషులు మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టారు.

"తరవాతేటంటంది, సెప్పు," అంది చిన్మయి.

రాణి ముక్కు తుడుచుకుని చెప్పింది. చివరిదాకా నాటకంలో ఉన్నదే చెప్పింది.

తిరిగొచ్చే బస్సులో ఆడవాళ్ళ సీట్లలో ఇద్దరికీ చోటు దొరికింది. పెద్దిరాజు పైకమ్మీ పట్టుకుని వాళ్ళ ముందు నుంచున్నాడు. హాల్లోంచి బయటికొచ్చినప్పటినుంచీ అతను సరిగా లేడు. వాళ్ళిద్దరూ పెద్దగా ఏమీ మాట్లాడుకోవడం లేదు, కాని ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేట్టు కూచున్నారు. చిన్మయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాణి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. అతను ఒకరి మొహంలోంచి ఒకరి మొహంలోకి మార్చి మార్చి చూశాడు. నాటకం ఎలాగుంది అని ఒకసారి అడిగాడు, బాగుందంది చిన్మయి. మళ్ళీ అడగబోయి ఆగాడు. అతనికి ఏదో అందకుండా పోయింది. ఏమిటది, ఎవరి దగ్గర ఉండిపోయింది అని తెలుసుకోవాలని ఆ మనిషి పడుతున్న యాతన రాణికి స్పష్టంగా తెలుస్తోంది. ఆ యాతన ఎంతుంటుందో ఆమెకి చెప్పేవాళ్ళక్కర్లేదు. జాలేసింది కూడా.

"ఎనకనించి సూసేను," అన్నాడు చివరికి. "ఇద్దరూ తెగ కళ్ళు తుడుసుకున్నారు. ఏ సీనుకేటి?"

చిన్మయి కిటికీలోంచి బయటికి చూసింది. ఆ జవాబు తను చెప్పేది కాదని ఆవిడకి తెలుసు.

రాణి తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది. "ఒకావిడ మొగుడితో అంటాది," అంది. "పదమూడేళ్ళయింది, ఒక్కసారి నన్ను నాటకానికి తీసుకెళ్ళలేదు, ఇవేళ తీసుకొచ్చి వెనకాల కూచోబెట్టావు అంటాది. ఆ సీనుకి."

పెద్దిరాజు కనుబొమలు ముడిచి జ్ఞాపకం తెచ్చుకున్నాడు.

"ఆ సీను నాను సూడలేదే," అన్నాడు. "మజ్జిలో ఓ కునుకు తీసీసినట్టున్నాను. తరవాత ఆ మొగుడేటన్నాడు?"

"ఇంకా ఏటీ అనలేదు," అంది రాణి.

బస్సు బ్రేకు వేస్తే పెద్దిరాజు ముందుకి తూలి నిలదొక్కుకున్నాడు. రాణి చూపు తిప్పుకోలేదు. అతని ఖాళీ చెయ్యి ఏదో అడగడానికని గాల్లోకి లేచి, సగంలో ఆగిపోయింది. ఖిదిర్‌పూర్, ఖిదిర్‌పూర్ అని కండక్టరు రెండుసార్లు కేకేశాడు. ఆడవాళ్ళిద్దరూ లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళారు. పెద్దిరాజు ఇంకా ఆ ఖాళీ సీటు ముందే కమ్మీ పట్టుకుని నుంచుని ఉన్నాడు.